తిరగేసిన ఇంటిపేరు

మా మరదలు లియోకాది బట్టల పెట్టెను ఇంట్లోంచి మోసుకెళ్లి వీధిలో పెట్టింది నేనే. ఈ మాట మొదటే చెప్పేస్తున్నాను. చివర్లో చెబితే, అప్పటికి మీకు నా మీద కలిగిన జాలిని అడ్డం పెట్టుకున్నట్టుంటుంది.

అది తొంభై మూడు ఆగస్టు. మా తమ్ముడు సెవెరిన్‌కి అప్పుడు నలభై ఒకటి. కరీబియన్ సముద్రంలో ఫ్రాన్సు ఏలుబడిలోని మార్తినీక్ దీవి, దాని ఉత్తరపు గట్టున మా ఊరు ఆన్స్-గొమ్మియే. అక్కడ తెరచాప పడవ నడపడంలో వాడిని మించినవాడు లేడనేవారు. అలాంటివాడు అంతకు రెండేళ్ల ముందు పడవ పందెంలో, గాలి అనుకూలంగా ఉన్నప్పుడు, ఎవరూ తోయకుండానే నీళ్లలో పడ్డాడు. ఊరంతా నవ్వింది. "పొద్దున్నే ఎన్ని గ్లాసులు ఎక్కించావురా?" అని రేవులో ఆటపట్టించారు. వాడూ నవ్వాడు. ఆ తర్వాత చేతిలోంచి వల జారడం, చేప కోసే కత్తి జారడం మొదలైంది. భుజం దానంతట అదే ఎగిరేది. వేళ్లు ఖాళీగా ఉన్నప్పుడు ఏదో వాయిస్తున్నట్టు ఆడేవి. నెమ్మదస్తుడు కాస్తా కోపిష్టి అయ్యాడు. ఓ ఆదివారం చేపల పులుసు గిన్నెను లియోకాది మొహం మీదికి విసిరాడు.

"వాడికి మందు పెట్టింది. ఆ లంకదాని చేతివంట వాడి ఒంట్లోకి దిగింది," అంది మా అమ్మ. లియోకాదిది పక్క దీవి సెయింట్ లూసియా. ఆకాశం తేటగా ఉన్న రోజున మా దీవి దక్షిణపు కొస నుంచి కనిపించేంత దగ్గరే అది, కానీ మా అమ్మకు అది వేరే లోకం. ఊళ్లో అందరూ మాన్ ఫిఫీన్ అని పిలిచే మా అమ్మ మాటకు ఇంట్లో ఎదురు లేదు. ఆమే మంత్రగాణ్ని పిలిపించింది. అతను గడప కింద తవ్వి, సీసా ఒకటి తీసి చూపించాడు. అందులో తుప్పు మేకులు, జుట్టు.

లియోకాది ఆ సీసాను చూడలేదు. నన్ను చూసింది.

"వదినా, నువ్వు బళ్లో పాఠాలు చెప్పేదానివి. నువ్వు కూడా నమ్ముతున్నావా?"

నేను వంగి, పెట్టె ఎత్తుకుని బయటికి నడిచాను. గుమ్మంలో సెవెరిన్, లియోకాదిల కూతురు నొయెలా నిలబడి ఉంది. పంతొమ్మిదేళ్ల పిల్ల. తల్లి "రా" అని చెయ్యి చాపితే ఆ పిల్ల ఒక అడుగు వెనక్కి వేసింది. లియోకాది ఆ చెయ్యి అలాగే కాసేపు ఉంచి, తర్వాత అదే చేత్తో పెట్టె పట్టుకుని బస్సు వైపు వెళ్లిపోయింది.

భార్యను తరిమేశాక సెవెరిన్ కుదుటపడాలి కదా. పడలేదు. ఏడాదిలో పడవ అమ్మేశాం. రెండో ఏడాదికి మాట ముద్దయింది. మూడో ఏడాదికి కుర్చీలో కూర్చోబెడితే కుర్చీతో సహా జరిగిపోయేవాడు. తొంభై ఆరులో మా ప్రధానోపాధ్యాయురాలు పోరితే రాజధాని ఫోర్-ద-ఫ్రాన్స్‌లో నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. డాక్టరమ్మది చిన్న వయసే. సెవెరిన్‌ను లోపలికి నడిపించుకుని వస్తుంటే, ఆ నడక చూస్తూనే ఆమె కలం కింద పెట్టేసింది.

"మీ నాన్నగారు ఎలా పోయారు?"

"సముద్రంలో. నాకప్పుడు పన్నెండేళ్లు, వీడికి ఐదు."

"ఆయన వయసెంత?"

"నలభై రెండు."

"తాతగారు?"

తెలియదన్నాను. ఆమె నెమ్మదిగా అంది: "మీ ఇంటిపేరు వాళ్లలో ఎవరెవరు, ఏ వయసులో, దేంతో పోయారో రాసుకు రండి. ఎంత వెనక్కి వెళ్లగలిగితే అంత వెనక్కి. ఇప్పుడు నాకు మందుల కంటే ముందు మీ వంశం కావాలి."

మా ఇంటిపేరు వాల్తిమోన్. దీవిలో ఆ పేరున్నవాళ్లు ఇరవై ముప్పై ఇళ్లకు మించి లేరు. అదేదో పాత ఫ్రాన్సు పేరని మా నాన్న గొప్పగా చెప్పుకునేవాడట.

ముందుగా మా ఊరి మునిసిపల్ ఆఫీసుకు వెళ్లి నాన్న మరణ పత్రం అడిగాను. ఆ గుమస్తా నా దగ్గర చదువుకున్నవాడే. దస్తరం తిరగేసి, మొహం చిట్లించి, "టీచర్‌గారూ, మీరు చెప్పిన యాభై ఏడులో లేదండీ. అరవై ఒకటిలో ఉంది," అన్నాడు.

"గ్రాసియెన్ వాల్తిమోనేనా?"

"అవునండీ. జాలరి. ఫిఫీన్ భర్త. పోయింది సముద్రంలో కాదు." ఆగి, గొంతు తగ్గించాడు. "పిచ్చాసుపత్రిలో."

నాకు పన్నెండేళ్లప్పుడు మా నాన్నకు శవం లేని దినం చేశాం. తీరాన ఇసుకలో శంఖాలు పేర్చి, కొయ్య శిలువ పాతాం. ఆ తర్వాత నాలుగేళ్లు, నేను పరీక్షలు రాసి, గౌన్లు కుట్టించుకుని, మొదటిసారి డాన్సుకు వెళ్లిన ఆ నాలుగేళ్లూ మా నాన్న బస్సులో రెండు గంటల దూరంలో బతికే ఉన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి అమ్మను ఏమీ అడగలేదు. సీమపనస ఉడకబెట్టింది, తిన్నాను. అడిగితే నిజం చెబుతుందన్న నమ్మకం లేకపోయింది. కాగితాలైతే చెబుతాయనిపించింది.

ప్రతి బుధవారం బడికి సెలవు. బుధవారం బుధవారం పాత దస్తరాల భవనానికి వెళ్లేదాన్ని. అక్కడ మొస్యె ఒనెజిమ్ అని ఒక పెద్దమనిషి ఉండేవాడు. పుస్తకాలు తెచ్చివ్వడం ఆయన పని. మొదటి రోజే అడిగాడు: "దేనికోసం వచ్చావమ్మా? అందరిలాగే తాతల్లో ఓ దొరను వెతుక్కోడానికా?"

"జబ్బును వెతుక్కోడానికి."

ఆయన నవ్వబోయి మానేశాడు.

నాన్న పుట్టుక దొరికింది, దాన్నుంచి తాత, తాత నుంచి ముత్తాత. మూడు బుధవారాలు పట్టింది. తాత పంతొమ్మిది వందల ఇరవై ఎనిమిదిలో పోయాడు, నలభై రెండేళ్లకు. ముత్తాత పంతొమ్మిది వందల మూడులో చక్కెర మిల్లులో మరిగే పాకంలో పడి పోయాడు, నలభై రెండేళ్లకే. ఆయన తండ్రి ఆంజెలూస్ పద్దెనిమిది వందల డెబ్బై ఆరులో, నలభై మూడుకు. కాగితం మీద ఈ వయసులు ఒకదాని కింద ఒకటి రాసుకున్నాక నా చేతికేసి నేను చూసుకున్నాను. అప్పటికి నాకు యాభై ఒకటి.

ఆంజెలూస్ దగ్గర ఆగిపోయాను. అతని తల్లి జబెత్ అనే బానిస. పద్దెనిమిది వందల నలభై ఎనిమిదిలో బానిసలందరినీ విడిచిపెట్టినప్పుడు ఒక్కొక్కరికీ ఇంటిపేరు పెట్టి రాసుకున్న దస్తరంలో ఆమె ఉంది. వరసలో నిలబెట్టి, గుమస్తాకు ఆ పూట ఏది తోస్తే అది పెట్టారట. ఒకడికి వంటసామాను పేరు, ఒకడికి పాత రోము వీరుడి పేరు. జబెత్‌కు పెట్టిన పేరు తార్దీవ్. అంటే ఆలస్యం. బహుశా వరసలోకి ఆలస్యంగా వచ్చి ఉంటుంది. ఆ పేరుతోనే పోయింది, ఆ పేరుతోనే పాతిపెట్టారు.

"తల్లి తార్దీవ్ అయితే కొడుకు వాల్తిమోన్ ఎలా అయ్యాడు?" అని మొస్యె ఒనెజిమ్‌ను అడిగాను.

"కొడుకుని ముందే విడిచిపెట్టి ఉంటారు. తల్లిని ఉంచుకుని, పిల్లాణ్ని విడిచిపెట్టారంటే ఆ పిల్లాడు ఎవరికి పుట్టాడో చెప్పాలా?" ఆయన ఇంకో పుస్తకం తెచ్చాడు. పద్దెనిమిది వందల ముప్పై ఆరు నాటిది. మూడేళ్ల ఆంజెలూస్, జబెత్ కొడుకు, యజమాని దయతో విముక్తుడు, ఇకమీదట వాల్తిమోన్ అని పిలవబడును. కింద సంతకం మరకలో కలిసిపోయింది.

"తెల్లవాళ్ల ఇంటిపేరు రంగువాళ్లు పెట్టుకోకూడదని రాజుల కాలం నుంచీ కట్టడి," అన్నాడు ఒనెజిమ్. "కానీ కన్నవాడికి ఎక్కడో కాస్త పీకుతుంది కదా. అలాంటప్పుడు పేరు విరగ్గొట్టి ఇచ్చేవాళ్లు. ఇలాంటివి ఎన్ని చూశాను! నువ్వు టీచరువేగా. విడగొట్టి వెనక నుంచి చదువు."

మా ఒకటో తరగతి పిల్లలకు చెప్పినట్టే కాగితం మీద విడగొట్టి రాశాను. వాల్. తి. మోన్. తర్వాత వెనక నుంచి చదివాను. మోన్. తి. వాల్.

మోన్తివాల్. ఆ పేరు తెలియనివాళ్లు మా వైపు ఎవరు? మా అమ్మమ్మ చెరుకు కొట్టింది వాళ్ల పొలాల్లోనే. ఇక్కడి తెల్లదొరలను మేం బెకేలంటాం. వాళ్లలో మూడువందల ఏళ్ల కిందట ఫ్రాన్సు నుంచి దిగిన ఇళ్లల్లో అదొకటి. పొలాలు పోయాయి, మిల్లు పోయింది. కొండ మీద ఇల్లు మాత్రం ఉంది.

తర్వాతి బుధవారాలు వాళ్ల పేజీలు చదివాను. పెద్దకొడుక్కు యాసాంత్ అనే పేరు. తరం తరానికీ అంతే. ఒక యాసాంత్ పోతే, అప్పటికి ఎంత వయసున్నా సరే, తర్వాతి తమ్ముడు తన పేరు వదిలేసి యాసాంత్ అయిపోయేవాడు. పైపైన చూస్తే ఆ ఇంట్లో మగవాళ్లు ఎనభై ఏళ్లు బతికినట్టుంటుంది. ఒక్కొక్క చావూ విడిగా తీసి లెక్కేస్తే ముప్పై తొమ్మిది, నలభై ఒకటి, నలభై మూడు.

కొండ మీద ఇంట్లో మిగిలింది ఒక్కతే. మదమ్వాజెల్ సిదోనీ. ఎనభై ఒక్క ఏళ్లు, పెళ్లి కాలేదు. ఉత్తరం రాస్తే జవాబు రాలేదు. ఒక శనివారం పొద్దున్నే వెళ్లి తలుపు తట్టాను. ఆమే తీసింది. పొట్టి మనిషి, తెల్ల గౌను, కాళ్లకు మగవాళ్ల చెప్పులు.

"పొలం గురించైతే లాయరు దగ్గరికి వెళ్లు," అంది, నా మొహం కూడా చూడకుండా.

"పొలం కాదండీ. నా పేరు యూలాలీ వాల్తిమోన్."

అప్పుడు చూసింది. పైనుంచి కిందికి, మెల్లగా, ముఖ్యంగా నా చేతులు.

"ఆఁ," అంది. "తిరగేసినవాళ్లు. రా లోపలికి."

ఆ మాట ఆమె చిన్నప్పటి నుంచీ వాడుతున్న మాటని వెంటనే తెలిసిపోయింది. నూట అరవై ఏళ్లు మాకు తెలియని సంగతి ఆ ఇంట్లో వాడుక మాట.

వంటింట్లో కూర్చోబెట్టింది. మిగతా గదులకు తాళాలు. కాఫీ తనే కాచి ఇచ్చింది. మా తమ్ముడి సంగతి చెప్పాను. భుజం ఎగరడం, వేళ్లు ఆడడం, కోపం, మాట ముద్దవడం. మధ్యలో ఆమె నా మాట అందుకుని, నేను ఇంకా చెప్పనివి కూడా చెప్పేసింది.

"మింగడం కష్టమైందా? అవుతుంది. మెత్తగా చేసి పెట్టు, వంచి కూర్చోబెట్టి పెట్టు. నిద్రలో మాత్రం ఒళ్లు కదలదు, చూశావా? నిద్రపోతే మామూలు మనిషే. మా అన్నయ్య పదకొండేళ్లు మేడ మీద ఉన్నాడు. ఎదూయార్ అని పేరు. పెద్దన్నయ్య పోయాక వాడే యాసాంత్ అయ్యాడు. మా ఇంట్లో యాసాంత్ చచ్చిపోకూడదు కదా."

"దీన్ని మీరేమంటారు?"

"నాట్యం అంటాం. అంటే అనేవాళ్లం. ఇప్పుడు అనడానికి ఎవరున్నారు?"

"మీకు ఎప్పటి నుంచి తెలుసు, మాకూ ఉందని?"

ఆమె లేచింది. బీరువాలోంచి నల్ల అట్ట పుస్తకం ఒకటి తెచ్చి నా ముందు తెరిచింది. "మా తాత మొదలుపెట్టాడు. ఆయనకొక ఆశ ఉండేది. జబ్బు ఈ ఇంటి నీళ్లలోనో గోడల్లోనో ఉందేమో, ఇల్లు మారితే పోతుందేమోనని. మరి తేలడమెలా? మీవాళ్లు ఈ ఇంట్లో ఉండరు, ఈ నీళ్లు తాగరు. మీకు రాకపోతే తప్పు ఇంటిది. మీకూ వస్తే తప్పు రక్తానిది."

పేజీకి ఒక వైపు వాళ్లవాళ్లు. రెండో వైపు మావాళ్లు. సన్నటి, అందమైన చేతిరాత. 'ఆంజెలూస్ వి., 1876. వచ్చింది.' 'అతని కొడుకు, 1903, మిల్లులో. వచ్చింది.' 'మనవడు, 1928. వచ్చింది.' నేనెప్పుడూ వినని వాల్తిమోన్‌లు ఇంకా తొమ్మిది మంది ఉన్నారు. కొందరి పక్కన 'రాలేదు' అని ఉంది. అన్నిటికన్నా కింద వేరే చేతిరాతతో, 'గ్రాసియెన్ వి., 1961, పిచ్చాసుపత్రి. వచ్చింది.'

"ఈ రాత మీదేనా?"

"నాదే. అక్కడి డాక్టరు మాకు చుట్టం."

"ఒక్కమాట... ఒక్కసారైనా మాకు చెప్పాలనిపించలేదా?"

ఆమె ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, అది నేను చూశాను. "చెప్పాలంటే ముందు మీరు మాకేమవుతారో చెప్పాలి కదా," అంది. ఆ తర్వాత, "నేను పెళ్లి చేసుకోలేదు. మీవాళ్లు చేసుకున్నారు. పిల్లల్ని కన్నారు. ఆ సుఖమైనా మీకు దక్కింది," అంది.

ఆమె చెంప పగలగొట్టాలనిపించింది. కప్పు బల్ల మీద పెట్టి, సంచిలోంచి నోటుబుక్కు తీసి, ఆ పుస్తకంలో మావాళ్ల పేర్లన్నీ ఒక్కటీ వదలకుండా రాసుకున్నాను. రాస్తున్నంతసేపూ ఆమె అక్కడక్కడా చెరిగిన అక్షరాలను ఓపిగ్గా చదివి పెట్టింది. వచ్చేటప్పుడు మళ్లీ చెప్పింది, మెత్తగా చేసి పెట్టమని.

కాగితాలు డాక్టరుకు ఇచ్చాను. రక్తం తీసి పారిస్ పంపారు. ఆరు వారాలకు, రక్తంలో తరతరాలుగా దిగే నరాల జబ్బేనని ఖాయమైంది. "తల్లికో తండ్రికో ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సగం. నాణెం ఎగరేసినట్టు. ఆపే మందు లేదు," అంది ఆమె. "మీ వయసుకు రాలేదు కాబట్టి మీకు రాకపోవచ్చు. సెవెరిన్‌గారికి పిల్లలున్నారా?"

ఇంటికి రాగానే అమ్మ ముందు నాన్న మరణ పత్రం పెట్టాను. ఆమెకు చదువు రాదు. అయినా అదేమిటో తెలిసిపోయింది.

"ఎవరిచ్చారు నీకు?"

"అమ్మా, నాన్న నాలుగేళ్లు అక్కడున్నాడు. నువ్వు వెళ్లి చూశావా?"

"ప్రతి నెలా మొదటి గురువారం వెళ్లాను. చేపలు అమ్ముకొస్తానని మీతో చెప్పేదాన్ని. కట్టేసి ఉంచేవాళ్లు." అమ్మ ఆ కాగితం పక్కకు నెట్టింది. "తెలిస్తే నిన్ను బళ్లో టీచరుగా ఎవరు పెట్టుకునేవారు? పిచ్చోడి కూతురనేవారు. సెవెరిన్‌కు పిల్లనెవరిచ్చేవారు?"

"మరి లియోకాదిని ఎందుకన్నావే అన్ని మాటలు? నీకు తెలుసు కదా, వాడు అచ్చం నాన్నలాగే..."

"వాడి భుజం ఎగిరిన మొదటి రోజే తెలిసింది," అంది అమ్మ. "ఊరు అడుగుతుంది. ఏదో ఒకటి చెప్పాలి. ఎవరో ఒకరి మీద పడాలి. అది బయటి నుంచి వచ్చింది, ఇక్కడ దానికెవరూ లేరు."

"ఆ సీసా?"

అమ్మ తన తలగుడ్డ సర్దుకుంది. ఆ సీసాలో జుట్టు ఎవరి తలదో, అది గడప కిందికి ఎలా వచ్చిందో నాకప్పుడు అర్థమైంది.

లియోకాది ఫోర్-ద-ఫ్రాన్స్‌లో ఒక బడి వంటశాలలో పనిచేస్తోంది. పిల్లలు తినేసి వెళ్లాక, పెద్ద గిన్నెలు తోముతుండగా వెళ్లాను. నన్ను చూసి తోమడం ఆపలేదు.

"ఏం వదినా, ఇంకేమైనా మర్చిపోయానా మీ ఇంట్లో?"

నిలబడే అంతా చెప్పాను. నాన్న సంగతి, కొండ మీద పుస్తకం, డాక్టరు మాట, సీసా. పెట్టె మోసింది నేనేనని కూడా చెప్పాను, ఆమెకు తెలిసినదే అయినా.

"మూడేళ్లు," అంది లియోకాది. "మూడేళ్లుగా నా కూతురు నా చేతి నీళ్లు తాగలేదు. దాని పుట్టినరోజుకు కేకు చేసి పంపితే బస్టాండులో వదిలేసి వెళ్లిపోయింది. ఆ సంగతి తెలుసా నీకు?"

"తెలియదు."

"ఇక్కడ రోజూ నాలుగొందల మంది పిల్లలు నా వంట తింటారు." గిన్నె బోర్లించింది. "నువ్వే చెప్పు దానికి. నీ నోటితోనే చెప్పు, నా ఎదురుగా."

మర్నాడు నొయెలాను అక్కడికే తీసుకొచ్చాను. ఇరవై రెండేళ్లది, జడలు అల్లే దుకాణంలో పని చేస్తోంది. మేం ముగ్గురం వంటశాల వెనక మెట్ల మీద కూర్చున్నాం. నేను చెప్పుకుంటూ పోయాను. పిల్ల మొదట తల్లి వైపు చూసింది, తర్వాత తల దించుకుంది. "అమ్మా" అంటూ తల్లి ఒళ్లో పడి ఏడ్చింది. లియోకాది దాని తల నిమురుతూనే ఉంది.

అంతలో ఆ చెయ్యి ఆగిపోయింది.

"వదినా," అంది. "సగం అన్నావు కదా. బిడ్డల్లో సగం మందికని."

"అవును."

"మరి ఇది?"

నొయెలా ఏడుపు ఆపేసింది. ముందుగా లెక్క చూసుకోవలసిన పిల్ల అందరికంటే చివర చూసుకుంది. లియోకాది దాన్ని రెండు చేతులా గట్టిగా అదిమిపట్టుకుని నా వైపు చూసింది.

"నేను మంత్రగత్తెనే అయ్యుంటే ఎంత బాగుండేది," అంది.

లియోకాది మా ఇంటికి తిరిగొచ్చింది. మమ్మల్ని క్షమించి కాదు. మొదటి రోజే ఆ సంగతి చెప్పేసింది: "నేను వాడికోసం వచ్చాను. మీ అమ్మతో నన్ను మాట్లాడమనకు." సెవెరిన్ ఆమెను గుర్తుపట్టాడు. మాట రాలేదు కానీ, ఆమె చెంచా పెట్టిన ప్రతిసారీ నోరు తెరిచాడు. చేమదుంప, చేప కలిపి మెత్తగా మెదిపి పెట్టేది. అమ్మ పక్క గదిలోంచి వింటూ ఉండేది. పదినెలలు ఆ ఇద్దరాడవాళ్లూ ఒకే పొయ్యి మీద, ఒకరి తర్వాత ఒకరు, ఒక్క మాటా లేకుండా వండుకున్నారు. అమ్మ ఆ వాన కాలంలో పోయింది. పోయే ముందు రోజు లియోకాది ఆమెకు మంచం మీదే ఒళ్లు తుడిచింది. అమ్మ ఏదో అనబోయింది. లియోకాది తడిగుడ్డ పిండుకుంటూ, "పడుకోండి," అంది. అంతవరకే జరిగింది.

సెవెరిన్ తొంభై ఎనిమిది ఫిబ్రవరిలో, అన్నం గొంతుకు అడ్డంపడి పోయాడు. నలభై ఆరేళ్లు. సరిగ్గా నాన్న పిచ్చాసుపత్రిలో పోయిన వయసే.

నొయెలా పరీక్ష చేయించుకుంటానంది. లియోకాది వద్దని కాళ్లు పట్టుకున్నంత పని చేసింది. "తెలుసుకుని ఏం చేస్తావే? మందు లేదంటున్నారుగా."

"తెలియకుండా ఉంచినవాళ్లు ఏం బాగుచేశారమ్మా మనల్ని?"

ఫలితం చెప్పే రోజు ముగ్గురం వెళ్లాం. డాక్టరు గదిలోకి అది ఒక్కతే వెళ్తానంది. బయటికి వచ్చినప్పుడు దాని మొహంలో ఏమీ లేదు. లియోకాది దగ్గరికి వెళ్లి, చిన్నపిల్లలా ఆమె సంచీలో చెయ్యి పెట్టి, నీళ్ల సీసా తీసుకుని తాగింది. సగం తాగాక, "ఉంది," అంది. ఆ శనివారమే తనను పెళ్లి చేసుకోబోయే కుర్రాడితో మాట్లాడింది. వాడు వారం రోజులు వచ్చాడు, తర్వాత రాలేదు. దాని గురించి అది ఎవరితోనూ ఏమీ అనలేదు. మా పడకగది గోడ అవతల నుంచి మాత్రం ఏడుపు వినిపించేది.

ఈస్టర్ సెలవుల్లో నొయెలా నా నోటుబుక్కు అడిగింది. కొండ మీది పుస్తకంలోంచి రాసుకొచ్చిన పేర్లు.

"అత్తా, వీళ్ల పిల్లలకు తెలుసా?"

"ఎవరు చెబుతారు వాళ్లకు?"

"నీకు కారు నడపడం రాదు. నాకు వచ్చు. నాకింకా టైముంది." ఆ మాట అది మామూలుగానే అంది.

టెలిఫోను పుస్తకంలో వాల్తిమోన్‌లు ఇరవై ఆరుగురు. మొదటి ఇంట్లో ఒక రిటైరైన పోస్టుమాన్. మేం జబ్బు మాట ఎత్తగానే, "మా వంశంలో అలాంటివేం లేవు, ఎవరు పంపారు మిమ్మల్ని?" అని గేటు వేసేశాడు. రెండో ఇంటావిడ, మోన్తివాల్‌ను తిరగేస్తేనే వాల్తిమోన్ అయిన సంగతి విని ముచ్చటపడింది. దొరల రక్తం అంటూ భర్తను పిలిచింది. జబ్బు సంగతి చెప్పాక లేచి నిలబడి, "మంచి పేరు పాడుచేయడానికి వచ్చారా?" అంది. కిందికి దిగేటప్పుడు మా వెనకే మెట్ల మీద నీళ్లు కుమ్మరించింది. ఆ రోజు ఇంకో మూడిళ్లు తిరిగాం. లోపల మనిషి ఉండీ తలుపు తియ్యనివాళ్లు ఇద్దరు.

"చాలేమో," అన్నాను కారెక్కుతూ. నాకు కాళ్లు పీకుతున్నాయి. అంతకంటే ఎక్కువగా, ఆ తలుపుల అవతల మా అమ్మే ఉన్నట్టనిపిస్తోంది.

"ఇంకొక్కటి," అంది నొయెలా.

లామాంతిన్ దగ్గర లారీలు బాగుచేసే షెడ్డు. మోరిల్ వాల్తిమోన్, ముప్పై ఏడేళ్లు. గ్రీజు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. పక్కన భార్య, చంకలో పాప. నేను మొదలుపెట్టాను. మాట మాటకీ అతను ఏదో ఒక అడ్డం చెబుతాడని చూస్తున్నాను. చెప్పలేదు. నేను వేళ్ల సంగతి చెబుతుండగా, తుడుచుకుంటున్న గుడ్డను అతను రెండు చేతులా ముద్దచేసి పట్టుకున్నాడు. పట్టుకున్నా గుడ్డ కదలడం ఆగడం లేదు. భార్య దాన్ని చూసింది. నొయెలా కూడా చూసింది.

"నా పెళ్లానికి అనుమానం," అన్నాడు అతను. "నేను చాటుగా తాగుతున్నానని. రోజూ గొడవే మా ఇంట్లో."

ఆమె పాపను మెల్లగా కింద దింపి, షెడ్డు మూల నుంచి రెండు స్టూళ్లు తెచ్చి మా ముందు వేసింది.

"కూర్చోండి," అంది. "మళ్లీ మొదట్నుంచీ చెప్పండి. నాకు అర్థమయ్యేట్టు."